నల్లా తిప్పకముందే చెప్పాలి

వానాకాలం వచ్చిందంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట బస్తీల్లో నల్లా తిప్పగానే మొదటి రెండు బిందెలు మట్టి రంగులో పడుతుంటాయి. వాటిని పారబోసి మూడో బిందె పట్టుకుంటాం. రంగు పోయింది కదా అని తాగేస్తాం. రోగం తెచ్చే బ్యాక్టీరియాకు రంగూ లేదు, వాసనా లేదు. అది నీళ్లలో ఉందని పరీక్ష చేసినవాళ్లకే తెలుస్తుంది. వాళ్లకు తెలిసిన సంగతి ఆ రోజే ఆ వీధికి తెలియాలి. మేము అడుగుతున్నది ఇంతే.

ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నీళ్లను ఫిల్టర్‌బెడ్లలో శుద్ధి చేసి, క్రిములను చంపే క్లోరిన్ కలిపే వదులుతారు. చెడేది దారిలో. సర్వీసు పైపులు చాలాచోట్ల మోరీలను దాటుకుంటూ, మోరీల్లో మునుగుతూ వెళ్తాయి. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడో చిన్న చిల్లు ఉంటే చాలు, చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. నల్లాకు మోటారు బిగించి లాగే ఇళ్లుంటే ఇంకా ఎక్కువ. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగే ముందుగా బిందెలో పడుతుంది.

100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించరాదన్నది మన దేశ ప్రమాణం. కనిపిస్తే ఎన్ని గంటల్లో జనానికి చెప్పాలో మాత్రం అందులో లేదు. అమెరికాలో 24 గంటలు దాటకూడదని నిబంధన ఉంది. మన దగ్గర ఒకే వీధిలో పదిమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి చేరితే గానీ నీళ్ల మీద అనుమానం రాదు. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో కలుషిత నీళ్లు ప్రాణాలు తీశాయి. ఆ ఊరి సంగతి మనకెందుకులే అనుకునే వీల్లేదు.

చెబితే జనం టెన్షన్ పడతారని అధికారులు వెనకాడతారు. కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊరిలో ఏం జరిగిందో చూడండి. నీళ్లలో ఈ-కోలి ఉందన్న ల్యాబ్ నివేదిక 2000 మే 17న అందితే, నీటి సరఫరా చూసేవాళ్లు దాన్ని దాచారు. మరిగించి తాగమని ఆరోగ్య శాఖ చెప్పింది మే 21న. ఆ నీళ్లకు 7 మంది చనిపోయారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. అక్కడ ప్రాణాలు తీసింది నీళ్లొక్కటే కాదు, ఆ నాలుగు రోజుల మౌనం కూడా.

ల్యాబ్‌లో బ్యాక్టీరియా పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది, నిజమే. క్లోరిన్ పరీక్షకు అంత సమయం అక్కర్లేదు. చివరి ఇంటి నల్లా నీళ్లలో రెండు చుక్కల రసాయనం వేస్తే రంగు మారాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది లేదని తేలితే ల్యాబ్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా వీధికి చెప్పేయాలి.

వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే పని అయిపోదు. ఫోన్ లేని అవ్వకూ, తెల్లారకముందే కూలికి వెళ్లే ఇంటికీ తెలియాలి. ఇంటి పన్ను కట్టమని గల్లీ గల్లీ తిరిగే మైకు ఆటో ఉంది, ఊళ్లలో డప్పు చాటింపు ఉంది. నీళ్లు వదిలే సమయానికి ముందే అవి తిరగాలి. చెప్పేది తేటగా ఉండాలి: ఏ వీధులు, ఏ రోజు నుంచి. నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, చల్లార్చి తాగాలి. పసిపిల్లల పాలు కలపడానికీ, పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే వాడాలి. బట్టలో వడకడితే క్రిములు పోవు. హాస్టళ్లకు, మెస్‌లకు, అంగన్‌వాడీలకు మనిషే వెళ్లి చెప్పి రావాలి.

లీకేజీ పూడ్చి, మళ్లీ పరీక్ష చేసి, నీళ్లు బాగున్నాయని తేలిన రోజున అదే ఆటో అదే గల్లీకి వచ్చి ఆ మాట కూడా చెప్పాలి. అప్పటిదాకా పొయ్యి మీద గిన్నె దించొద్దని ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి.