మూసిన కిటికీలన్నీ పన్ను కిటికీలేనా?

లండన్ బ్లూమ్స్‌బరీలోని పాత ఇటుక ఇళ్ల గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది. చాలావరకు ఇప్పుడు ఆఫీసులైపోయిన ఇళ్లవి. "కిటికీ పన్ను ఎగ్గొట్టడానికే వీటి కిటికీల్ని ఇటుకలతో మూసేశారు. గోడలు కోటగోడలంత గట్టివి. బల్లలు వేసుకుంటే చాలు, ఆఫీసు రెడీ" అని.

పన్ను నిజమే. ఇంటికున్న కిటికీల లెక్కన వసూలు చేసేవాళ్లు. 1696లో వేశారు, 1851లో ఎత్తేశారు. దాని భయంతో కిటికీలు పూడ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ చాలావాటికి అసలు అద్దమే ఎప్పుడూ లేదు. లోపల పొగగొట్టం వచ్చిన చోటో, అడ్డుగోడ తగిలిన చోటో కిటికీ పెట్టడం కుదరదు. పెట్టకపోతే బయటికి వరస చెడుతుంది. అందుకని కట్టేటప్పుడే గూడులా లోపలికి నొక్కి, పైన కమాను, కింద గడప పెట్టి వదిలేశారు. మన బిల్డర్లు ఎలివేషన్ కోసం పడే తాపత్రయమే ఇదీ. తేడా పట్టాలంటే దగ్గరికెళ్లి అంచు చూడండి. ఇటుక వరసలు పక్క గోడలోకి కలిసిపోతే అది పుట్టుకతోనే గుడ్డి కిటికీ. అంచు వెంట నిలువుగా ఒకే గీత దిగితే తర్వాత పూడ్చింది. ఇటుక రంగు కూడా తరచూ వేరుగా ఉంటుంది.

ఇక కోటగోడల సంగతి. బ్లూమ్స్‌బరీలోనే ఉన్న బెడ్‌ఫోర్డ్ స్క్వేర్ కట్టిన 1775-83 నాటి లండన్‌లో బిల్డర్లు ఖరీదైన ఇటుకను ముఖానికే వాడి, వెనక చౌక ఇటుక పేర్చడం మామూలే. ముందు వరసలో ఒక ఇటుక నిడుపు ముఖం, పక్కనే ఇంకో ఇటుక పొట్టి ముఖం కనిపిస్తాయి. ఆ పొట్టి ముఖం ఇటుక లోపలిదాకా దూరి రెండు పొరల్నీ పట్టుకోవాలి. ఖర్చు మిగలాలని చాలామంది ఇటుకను సగానికి విరగ్గొట్టి అతికించారు. పట్టు లేని ముందుపొర కొన్నిచోట్ల ఉబ్బి ఊడొస్తుంది. గోడలో దాచిన చెక్క పట్టీలు చెమ్మకు పుచ్చితే కథ ఇంకా ముదురుతుంది. పైకి మాత్రం సన్నటి తెల్ల సున్నపు గీతలతో ముద్దొస్తుంది!

"బల్లలు చాలు" అన్నది మరీ తేలిక మాట. నేల చెక్కది, దూలాల మీద ఆనింది. ఇంటి బరువుకి వేసిన ఆ నేల మీద ఫైళ్ల బీరువాలు పెట్టేముందు ఇంజనీరుకి చూపించాల్సిందే. వైర్లకీ పైపులకీ దూలాన్ని చెక్కితే ఉన్న బలమూ పోతుంది. పైగా బెడ్‌ఫోర్డ్ స్క్వేర్ ఇళ్లు గ్రేడ్ వన్, అంటే అన్నిటికన్నా పై తరగతి రక్షిత కట్టడాలు. రూపు మార్చే పని ఏదైనా, చివరికి పాత తలుపు తీసేయాలన్నా, ముందు అనుమతి కావాలి.