పప్పులో వేసిన ట్రిగ్గర్

పెళ్లి సంబంధానికి కూడా ఎవరూ అంత ఆరా తీసి ఉండరు. ఇంటాయన ఆఫీసు నుంచి రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎక్సెల్ షీటు తెరిచి, ఎయిర్ పిస్టళ్ల జాతకాలు కలుపుతూ కూర్చుంటాడు. అయిదు సంబంధాలు: ఆస్ట్రియా నుంచి స్టేయర్, స్విట్జర్లాండ్ నుంచి మొరీని, జర్మనీ నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఇటలీ నుంచి పార్దీని. ఒక్కోదానికి పదిహేడు గడులు. బరువెంత, గొట్టం పొడవెంత, గురిచూసే సైటు ఎన్ని క్లిక్కులు తిరుగుతుంది, పెట్టె రంగేమిటి. ఈ పోలిక నాలుగు నెలలు సాగింది. ఈలోగా చేతిలో ఉన్నది షూటింగ్ రేంజివాళ్లు అద్దెకిచ్చే పాత పిస్టలు. దాంతో అరవై షాట్లకు వచ్చే స్కోరు 600కి 512. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పిస్టలు రాకముందే దానికి గోడమీద మేకు కూడా కొట్టించాడు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఈ అయిదింటిలో దేన్నైనా వైసులో బిగించి, నచ్చిన పెల్లెట్లు వేసి పది మీటర్ల దూరం నుంచి కాలిస్తే అట్టమీద దాదాపు ఒకే కన్నం పడుతుంది. మంచి కంపెనీలు పెట్టెలోనే అలాంటి పరీక్ష అట్టముక్క వేసి పంపిస్తాయి. పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ 4.5. అంచు తాకినా చాలు, పది పాయింట్లు ఇస్తారు. అంటే పిస్టలుకూ పదికీ మధ్య అడ్డం ఉన్నది ఇంటాయనే. ఆ గడి షీటులో లేదు.

అలాగని తేడాలు లేవనీ కాదు. స్టేయర్‌లో వెనక్కి తన్నే ఊపును మింగేయడానికి లోపల ఎదురు దిశలో కదిలే చిన్న బరువు ఉంటుంది. మొరీని మొదలైందే పిడులు చెక్కే చేతిపనితో, అందుకే దాని పిడి చాలామందికి పెట్టెలోంచి తీయగానే కుదురుతుంది. దాని ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది, కాకపోతే స్విచ్ వేయడం మరిచిపోయి ‘ట్రిగ్గర్ పాడైంది’ అని కోచ్‌ని పిలిచేవాళ్లు ప్రతి రేంజిలోనూ ఉంటారు. మెకానికల్ ట్రిగ్గర్‌కి బ్యాటరీ బాధ లేదు, స్క్రూ మరల బాధ ఉంది. ఇవన్నీ చేతిలో పట్టుకుని రెండు వందల షాట్లు కాలిస్తే తెలుస్తాయి, షీటులో తెలియవు. చివరికి ఇంటాయన ఏ కంపెనీది కొన్నాడన్నది ఈ కథకు అక్కర్లేదు. మెకానికల్ ట్రిగ్గర్ అని చెబితే చాలు.

పిస్టలు వచ్చింది. పక్కింటివాళ్లు తొంగిచూశారు. నిజానికి మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం రంధ్రం), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. అరగ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళితే లెక్క ఆరు జౌళ్లకు కూడా రాదు. ఇంటాయన ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాడు. పక్కింటాయన ‘సరే సరే’ అంటూనే బాల్కనీలో పూలకుండీలను లోపలికి జరుపుకున్నాడు.

మొదటి దెబ్బ పిడి దగ్గర తగిలింది. పదిహేడు గడుల్లో పిడి సైజు లేదు. వచ్చింది పెద్దది, చెయ్యేమో మధ్యరకం. ఉప్పుకాగితం, చెక్క పుట్టీ తీసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. వేళ్ల దగ్గర అరగదీయడం, అరచేతి గుంటలో పుట్టీ నింపడం, తడి చేత్తో పట్టుకుని అచ్చు తీయడం. పద్ధతి అదే, తప్పులేదు. ఒక్కసారి ఎక్కువ గీశామా, చెక్క తిరిగిరాదు. అందుకే గీకడం కంటే పూయడం మేలంటారు. అరచేతి కింద పలకను పైకి బిగించి చేతిని బోనులో పెట్టినట్టు చేసుకోవాలని కూడా చూశాడు. అదీ కుదరదు, ఆ పలక పిడికి తొంభై డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉండకూడదు, పిడి చేతిని చుట్టేయకూడదు, బొటనవేలు స్వేచ్ఛగా పైకి లేవాలి. ఆ మూడు రోజులూ ఇంటావిడ చేసిన ఉప్మాలో పిడి తాలూకు వాల్‌నట్ చెక్కపొడి వాసన వచ్చింది.

రెండోది గాలి. పిస్టలు సిలిండర్‌లోకి 200 బార్ల ఒత్తిడితో గాలి ఎక్కించాలి. పెద్ద ట్యాంకుకూ పిస్టలు సిలిండర్‌కూ మధ్య ఉండే అడాప్టర్ ఒక్కో కంపెనీకి ఒక్కో మరతో వస్తుంది. అదీ గడుల్లో లేదు. అది తెప్పించాక ఆత్రంగా ఒక్కసారిగా తిప్పాడు. సిలిండర్ వేడెక్కింది, ముల్లు 200 చూపించింది. తెల్లారి చూస్తే 185. లీకయిందని సబ్బునీళ్లు పూసి బుడగల కోసం గంటసేపు కాపలా కాశాడు. బుడగ రాలేదు, రాదు కూడా. వేడి గాలి చల్లారితే ఒత్తిడి తగ్గుతుంది, అంతే. మెల్లగా, రెండు నిమిషాలు తీసుకుని నింపితే ఆ తేడా చాలావరకు ఉండదు. చేతిపంపుతో కొట్టేవాళ్లకు ఇంకో చిక్కు, వానాకాలంలో, అందులోనూ విశాఖలాంటి చోట, గాలితోపాటు తేమను కూడా లోపలికి పంపిస్తున్నట్టే. మర బిగుసుకుందని కొబ్బరినూనె చుక్క వేయబోతుంటే కోచ్ ఫోన్లోనే కేకేశాడు. అంత ఒత్తిడి గాలిలో నూనె పడితే డీజిల్ ఇంజిన్‌లో జరిగేదే జరుగుతుంది. రబ్బరు వాషర్లకు సిలికాన్ గ్రీజు తప్ప మరేమీ రాయకూడదు. ఆ నూనె తలకు రాసుకున్నాడు, అవసరమూ అక్కడే ఉంది.

సిలిండర్ మీద తేదీ ఉంటుందని, తయారైన పదేళ్లకు దానికి కాలం చెల్లిపోతుందని తెలుసుకున్నది అప్పుడే. అదృష్టం కొద్దీ కొత్తదే వచ్చింది. సెకండ్‌హ్యాండ్ పిస్టలు చవగ్గా వస్తోందంటే ముందు ఆ తేదీ చూడాలి.

ఇక అసలు సంగతి, ట్రిగ్గర్. నియమం ప్రకారం అది కనీసం 500 గ్రాములు ఆపాలి. గొట్టాన్ని నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్ మధ్యలో అరకిలో బరువు తగిలించి, బల్లమీది నుంచి మెల్లగా ఎత్తితే పిస్టలు పేలకూడదు. గాలి ఎక్కించి, కాక్ చేసే (పేలడానికి సిద్ధంగా పెట్టే) చూస్తారు. లోపల పెల్లెట్ మాత్రం ఉండదు. ఆ 500ను సాధారణంగా రెండు భాగాలు చేసుకుంటారు. మొదటి దశలో ట్రిగ్గర్ మెత్తగా వెనక్కి వచ్చి ఒకచోట ఆగుతుంది, దానికి 350 గ్రాములు పెట్టుకుంటే, ఆగాక తెగడానికి ఇంకో 150. ఒక్కోదానికి ఒక్కో మర. పక్కనే ఇంకో రెండు మరలుంటాయి, సియర్ (ట్రిగ్గర్ తెగేదాకా పట్టి ఉంచే కొక్కెం) పట్టుది, ట్రిగ్గర్ వెనక్కి వచ్చి ఆగేచోటుది. సియర్ మరను ముట్టుకోవద్దని ప్రతి కోచూ చెబుతాడు. ప్రతి శిష్యుడూ ముట్టుకుంటాడు.

పోటీకి ముందురోజు రాత్రి ఇంటాయనకు తూకం చూడాలనిపించింది. అరకిలో రాయి ఇంట్లో లేదు. వంటగదిలో అరకిలో కందిపప్పు ప్యాకెట్ ఉంది. మీద 500 గ్రాములని అచ్చువేసి ఉంది, పైన రబ్బర్ బ్యాండు కూడా ఉంది. దానికి పురికొస కట్టుకోవచ్చని సంతోషించాడే గానీ, రబ్బర్ బ్యాండు ఎందుకుందో ఆలోచించలేదు. ఎత్తాడు. టప్. రెండో దశ మర పావు చుట్టు బిగించాడు. ఎత్తాడు. ఆగింది. మళ్లీ ఆ పావు చుట్టులో సగం వదులు చేశాడు. ఎత్తాడు. ఆగింది. ఇక్కడితో ఆపేయాలి, కాదు, ఇంకో వెంట్రుకవాసి వదులు చేశాడు, ఎందుకంటే ట్రిగ్గర్ అయిదు గ్రాములు బరువైతే పది కాస్తా తొమ్మిది అయిపోతుందని ఆయన నమ్మకం. మళ్లీ ఆగింది. చేతులు దులుపుకుని పప్పును డబ్బాలో పెట్టేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే పోటీ దగ్గర ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పరికరాల తనిఖీ) బల్ల ముందు క్యూ. పిస్టలు 420×200×50 మిల్లీమీటర్ల కొలత పెట్టెలో ఒద్దికగా పట్టింది. 1500 గ్రాముల బరువు హద్దుకు ఎంతో లోపలే ఉంది. అక్కడి కుర్రాడు అరకిలో ఇనుప బరువు కొక్కేన్ని ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా ఎత్తాడు.

టప్.

మళ్లీ ఎత్తాడు. టప్. మూడోసారి కూడా టప్.

‘‘సార్, తేలికగా ఉంది. బిగించుకుని రండి.’’

‘‘ఇంట్లో ఆగింది బాబూ! రాత్రే చూశాను.’’

‘‘దేంతో చూశారు సార్?’’

ఇంటాయన వెనకున్న క్యూ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. ‘‘కందిపప్పుతో.’’

కుర్రాడు నవ్వలేదు. అదే ఇంకా బాధ. ‘‘అరలీటరు పాల ప్యాకెట్‌తో చూసి ఉంటే గట్టెక్కేవారు సార్. పాలు నీళ్లకన్నా బరువు, కవరుతో కలిపి 515 గ్రాముల పైనే తూగుతుంది. విప్పని ప్యాకెట్ అయితేనే సుమా.’’

విప్పని అన్న మాట దగ్గర ఇంటాయనకు రబ్బర్ బ్యాండు కళ్లముందు మెదిలింది. శనివారం పప్పుచారు. అందులో పడ్డ పిడికెడు పప్పు. అక్కడికి రెండు తప్పులు, ఒకటి తూకం తక్కువ, రెండోది పురికొసను రబ్బర్ బ్యాండుకు కట్టడం. రబ్బరు సాగి ఎత్తేటప్పటి కుదుపును మింగేసింది. ఇనుప కొక్కేనికి ఆ జాలి ఉండదు.

అలెన్ కీ తీశాడు. చేతులు వణుకుతున్నాయి. రెండో దశ మర అనుకుని సియర్ మర తిప్పాడు. ఇప్పుడు ట్రిగ్గర్ ఎంత లాగినా తెగడం లేదు. పక్క లేనులో కోచ్ తన శిష్యురాలి భుజం సరిచేస్తున్నవాడు వచ్చి, పిస్టలు చూసి, ఇంటాయన మొహం చూసి, మారు మాట్లాడకుండా సియర్ మరను వెనక్కి తిప్పి, రెండో దశను బిగించి మొత్తం బరువును 520 దగ్గర పెట్టాడు. ఇరవై గ్రాములు ఎక్కువ ఉండాలన్నది అనుభవం మీద వచ్చిన లెక్క. పోటీ అయ్యాక కూడా ఎవరినైనా పిలిచి తూకం చూడొచ్చు, అప్పుడు మూడు సార్లలో ఒక్కసారైనా ఎత్తలేకపోతే ఆ రోజు స్కోరు మొత్తం గంగలో కలిసినట్టే. పొద్దున పట్టుబడటమే ఆయన చేసుకున్న పుణ్యం.

ప్రాక్టీసుకిచ్చే పదిహేను నిమిషాల్లో పన్నెండు బల్ల దగ్గరే అయిపోయాయి. అరవై షాట్లకు డెబ్భై అయిదు నిమిషాలు. నిన్నటిదాకా తేలిక ట్రిగ్గర్‌కు అలవాటుపడ్డ వేలు ఇప్పుడు తెగదేమోనని గుంజుతోంది. కుడిచేతివాళ్లు గుంజితే పెల్లెట్ ఎడమవైపు కిందికి పోతుంది, గడియారంలో ఏడు గంటల చోటుకి. తెరమీద చుక్కలన్నీ అక్కడే ముచ్చట్లాడుకుంటూ కూర్చున్నాయి. స్కోరు 498. అద్దె పిస్టలు కంటే పద్నాలుగు తక్కువ.

దారిపొడవునా ఇంటాయన తనకు తాను చెప్పుకున్న ఓదార్పు ఒకటే, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు కూడా పోటీ మధ్యలో పిస్టలు మొరాయించింది కదా అని. నిజమే. బాగుచేయించుకోవడానికి పోయిన సమయం పోగా ఆమె 575 కొట్టి పన్నెండో స్థానంలో ఆగింది, 2024లో పారిస్‌లో 221.7తో కంచు పతకం తెచ్చుకుంది. ఆ పోలికలో ఉన్న చిక్కల్లా ఆమె పిస్టలు చెడిపోవడానికి, ఈయన పిస్టలు బాగానే ఉండటానికి మధ్య ఉన్న తేడా.

ఇంటికి వస్తూ కిరాణా కొట్టు దగ్గర ఆగాడు. కొట్టులో ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ కాటాయే. పాత అరకిలో ఇనుప రాయి బిల్లుల కాగితాలు ఎగరకుండా బరువుగా పడి ఉంది. దాన్ని కాటా మీద పెట్టి చూపించమన్నాడు. 500. వెనక తూనికల శాఖ ముద్ర కూడా చూసుకున్నాడు. ‘‘దీన్నేం చేసుకుంటారు సార్?’’ అంటే, ‘‘ఉండాలి’’ అన్నాడు.

ఇంట్లో వంటగదిలోంచి ఇంటావిడ గొంతు. ‘‘ఏమండీ, పప్పు ప్యాకెట్‌కు పురికొస కట్టింది మీరేనా?’’

‘‘ఆఁ.’’

‘‘ముడి ఊడి రావట్లేదు. కత్తిరించేస్తున్నా. ఇంకా ఏమైనా కొలవాలంటే ఇప్పుడే చెప్పండి, ముద్దపప్పు చేసేస్తున్నాను.’’