ఎముక అతికింది, గుర్రం దక్కలేదు

కాలు విరిగిన గుర్రాన్ని ఎందుకు చంపేస్తారు, మనిషికిలా కట్టు కట్టి పడుకోబెట్టకూడదా అని చాలామంది అడుగుతారు. చిక్కంతా అక్కడే. దాదాపు 500 కిలోల జంతువు వారాల తరబడి పడుకుంటే, ఆ బరువు కింద నలిగే కండరాలు, ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. అందుకే ఆపరేషన్ అయిన రోజే అది లేచి నిలబడాలి.

2006 మే 20న అమెరికాలోని పిమ్లికో మైదానంలో పందెం మొదలైన కాసేపటికే బార్బరో అనే పందెపు గుర్రం కుడి వెనక కాలి ఎముకలు ఇరవైకి పైగా ముక్కలయ్యాయి. రెండు వారాల ముందే కెంటకీ డెర్బీ అనే పేరున్న పందెం గెలిచిన మూడేళ్ల గుర్రం అది. మర్నాడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి పశువైద్యశాలలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ బృందం గంటల తరబడి శ్రమించి, ప్లేటుతో, 27 స్క్రూలతో కాలు నిలబెట్టింది. తర్వాత గుర్రాన్ని తెప్పలో ఉంచి, నీళ్లలో తేలుస్తూ మత్తు నుంచి లేపారు. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1975లో రఫియన్ అనే మూడేళ్ల ఆడగుర్రం మత్తు దిగుతూ, ఇంకా పరుగులోనే ఉన్నట్టు కాళ్లు కొట్టుకుని, అప్పుడే బాగుచేసిన కాలిని మళ్లీ పాడుచేసుకుంది. దాన్ని బతికించలేకపోయారు.

బార్బరో ఆ గండం దాటింది. జూలైలో దెబ్బతిన్నది మంచి కాలు. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే సున్నితమైన పొరలుంటాయి. ఒకే కాలు ఎడతెగకుండా బరువు మోస్తే వాటికి రక్తం సరిగా అందదు, పట్టు వదిలేస్తాయి. దీన్నే లామినైటిస్ అంటారు. ఎడమ వెనక గిట్ట గోడలో దాదాపు 80 శాతం తీసేయాల్సి వచ్చింది. చివరికి ముందరి కాళ్లకూ అదే జబ్బు పాకింది. 2007 జనవరి 29న మందిచ్చి బాధ నుంచి విముక్తి కలిగించారు.

నెలల వయసు గుర్రప్పిల్లలకు బరువు తక్కువ, ఎముకా త్వరగా అతుకుతుంది. కానీ ఎముక ఎదిగే చోట స్క్రూ పడితే ఎదుగుదల ఆగిపోవచ్చు. భారం మోసే రెండో కాలు వంకర తిరుగుతుంది. కట్టు ఎక్కువ రోజులుంచితే స్నాయువులు సాగిపోతాయి.

బార్బరోకు వైద్యం చేయడం తప్పని నేననను. చాలా నెలలు అది తింటూ, నడుస్తూ, పచ్చికలో మేస్తూనే ఉంది. నొప్పిని అదుపు చేయలేని రోజున ఆపేశారు, అదీ సరైనదే. నా బాధల్లా ఒకటే: యజమాని మొదట అడిగేది ‘ఎముక అతుకుతుందా’ అని. మిగతా మూడు కాళ్లు అంతకాలం మోయగలవా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. మోయలేవని తెలిసినప్పుడు ఆ మాట యజమానికి చెప్పగల డాక్టరే ఆ గుర్రానికి కావాలి.