బ్యాగు చేతికిచ్చి, ఫోటో తీసి, బ్యాగు వెనక్కి తీసుకున్నారు

మూడు రోజులుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మా ఆదోని వైపు ఒక సీజనల్ హాస్టల్ ఉంది. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు పోయినప్పుడు పిల్లల చదువు ఆగిపోకుండా పెట్టిన హాస్టల్. నేను ఆదివారాలు అక్కడ లెక్కలు చెబుతుంటాను. మొన్న అక్కడికి ఒక సినిమా నటుడు వచ్చాడు. ఏదో పిల్లల సంస్థకు ఆయన అంబాసిడర్ అంట. ఆయన పేరూ సంస్థ పేరూ రాయను, నా గొడవ ఒక మనిషితో కాదు.

పది గంటలకు వస్తారని చెప్పి తొమ్మిదికే పిల్లల్ని ఎండలో వరసగా కూర్చోబెట్టారు. ఫిబ్రవరి అయినా మా దగ్గర ఎండ ఎట్లుంటుందో తెలిసిందే కదా. ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది, ఉన్నది ఇరవై నిమిషాలు. పిల్లలు అరవై మంది పైనే, తెచ్చిన స్కూల్ బ్యాగులు పదిహేను. ఒక్కొక్కరినీ పిలవడం, బ్యాగు చేతికివ్వడం, ఫోటో, స్టేజీ దిగగానే ఆ బ్యాగు తీసుకుని వెనక నుంచి మళ్ళీ పైకి అందించడం. ఆరో తరగతి పాప ఒకతి పట్టీని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. వాళ్ల మనిషి ఒక్కో వేలు విడదీసి తీసుకున్నాడు, "తర్వాత పంపిస్తాంలే తల్లీ" అన్నాడు. సాయంత్రం ఆ పాప నన్ను అడిగింది, "అక్కా, తర్వాత అంటే ఎప్పుడు?" నా దగ్గర జవాబు లేదు.

ఇది చూశానని సెలబ్రిటీలు సేవా పనుల్లోకి రావద్దని అనను. ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్ నడిచేదే ప్రభుత్వాలూ జనాలూ ఇష్టపూర్వకంగా ఇచ్చే విరాళాల మీద, అడిగే గొంతు నలుగురికీ తెలిసినదైతేనే పది మంది వింటారు. అందుకే 1954లోనే డానీ కే అనే హాలీవుడ్ నటుడిని మొదటి అంబాసిడర్‌గా పెట్టుకున్నారు. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ గురించి చదివితే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో నెదర్లాండ్స్‌లో ఆకలితో చిక్కిపోయిన పిల్ల ఆమె, యుద్ధం అయ్యాక సహాయ సంస్థలు పంచిన తిండి తిన్న పిల్ల. అదే గుర్తుపెట్టుకుని యూనిసెఫ్ తరఫున 1988లో కరువులో ఉన్న ఇథియోపియాకు పోయింది, 1992లో సోమాలియాకు పోయింది, 1993 జనవరిలో చనిపోయింది. ఆకలి ఆమెకు ఒకరు చెప్పగా తెలిసిన సంగతి కాదు.

మన దేశం సంగతే తీసుకోండి. పోలియో చుక్కల కోసం అమితాబ్ బచ్చన్ టీవీలో తల్లిదండ్రుల మీద కోప్పడేవాడు, గుర్తుందా? ఆ కోపానికి జనం కదిలారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో కేసు లేదు, 2014లో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. కానీ ఐస్ డబ్బా భుజాన వేసుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, చుక్కలేసి, పిల్లల చిటికెన వేలికి మార్కర్ గీత గీసింది ఆశా అక్కలు, అంగన్వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు. ఆయన పిలిస్తే, వీళ్లు ఇంటికి వచ్చారు. రెండూ ఉన్నాయి కాబట్టే పని జరిగింది. మా హాస్టల్లో పిలిచే మనిషి మాత్రమే వచ్చాడు, వెనక ఇంకెవరూ లేరు.

అంత దూరం కూడా వద్దు, అనంతపురం చూడండి. నేను డిగ్రీ చదివింది అక్కడే. టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ పేరు మీద 2010లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో టెన్నిస్ స్కూల్ పెట్టారు, ప్రారంభానికి ఆయనే వచ్చాడు. వచ్చి పోయాడు, స్కూల్ పోలేదు. సాయంత్రం పూట అటు పోతే పల్లెల నుంచి వచ్చిన పిల్లలు రాకెట్ పట్టుకుని ఆడుతుండేవాళ్లు, ఆటతో పాటు ఇంగ్లీషూ కంప్యూటరూ కూడా నేర్పేవాళ్లు. ఆ పిల్లల్లో సగం మందికి ఆయనెవరో తెలిసి ఉండకపోవచ్చు, నాకైతే అదే నచ్చింది. నాదల్ మళ్ళీ రాకపోయినా మరుసటి రోజు గేటు తీసే మనిషి ఉన్నాడు.

ఇంకో మాట. ఆ ఫోటోలన్నీ "నిరుపేద చిన్నారులతో" అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు, పిల్లల ముఖాలు, హాస్టల్ పేరు, ఊరు పేరుతో సహా. సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా మీడియాలో చూపించకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఈ పిల్లలు దాని కిందికి వస్తారా రారా అని నాతో వాదించకండి, పేదరికం ముద్ర వేసిన ఆ ఫోటో రేపు క్లాసులో ఎవరి ఫోన్లో తిరుగుతుందో ఆలోచించండి. అమ్మానాన్నలు కోతల్లో చెమటోడ్చి బతుకుతున్నారు, వాళ్లెవరూ చేయి చాపలేదు.

ఆర్గనైజర్లకు ఒకటే చెబుతున్నా, అరవై మంది ఉంటే అరవై బ్యాగులు తెండి, లేదంటే రావద్దు. వచ్చే నటులు కూడా స్టేజీ ఎక్కకముందు "ఎన్ని తెచ్చారు, రేపు ఎవరు చూసుకుంటారు" అని ఒక్కసారి అడగండి. మీరు అడిగితే చెప్పకుండా ఉండే ధైర్యం ఎవరికీ ఉండదు.

నిన్న రాత్రి ఆ పాపకు వాళ్లమ్మ ఫోన్ చేసింది, వార్డెన్ ఫోన్‌కి. గుంటూరు దగ్గర చేనులో ఎవరో ఫోటో చూపించారంట. "బ్యాగు శానా బాగుంది మ్మా, చినిగిపోకుండా జాగ్రత్తగా పెట్టుకో" అనింది. పాప "ఊ" అనింది.