పాత కారులోని బ్లూటూత్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్లూటూత్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మహారాజశ్రీ అన్నది మాటవరసకి కాదు లెండి, పదో శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ పేరే కదా మీకు పెట్టింది. ఆయన విడివిడిగా ఉన్న తెగలని ఒక్కటి చేశాడంటారు. తమరేమో జానెడు దూరంలో ఉన్న ఫోన్‌నీ కారునీ కలపడానికి కూడా మూడ్ చూసుకుంటారు.

మా ఫోన్లు రెండు మూడేళ్లకోసారి మారిపోతుంటాయి, మీరేమో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎంత నేర్చుకున్నారో ఇవాళ్టికీ అంతే, అందుకు మిమ్మల్ని అనను. కానీ కొత్త ఫోన్ చూపించగానే "కనెక్షన్ ఫెయిల్డ్" అని ఒక్క ముక్క అనేసి, ఎందుకో చెప్పకుండా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. 2007లో 2.1 వెర్షన్ వచ్చాక రెండు తెరల మీదా ఒకే ఆరంకెల నంబర్ కనిపిస్తే ఓకే నొక్కడమే పని. మీరింకా నాలుగంకెల పిన్ దగ్గరే ఆగిపోయారు. అదైనా ఏమంత బ్రహ్మరహస్యం, 0000, కాదంటే 1234! ఆ కాస్తకీ బండి పక్కకి ఆపాలి, కదులుతుంటే పెయిరింగ్ కుదరదని మీ రూలు, భద్రత కోసమట. పక్క సీట్లో ఖాళీగా కూర్చున్న మనిషి నేను చేస్తానన్నా ఒప్పుకోరు.

సరే, కలిశారు. కాల్ మాట్లాడనిస్తారు, పాట పెట్టమంటే ఉలుకూ పలుకూ ఉండదు. కాల్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ, పాటలకి ఏ2డీపీ, ఇవి వేరే వేరే ప్రొఫైళ్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో బ్లూటూత్ పద్ధతి, మా కారులో రెండోది పెట్టలేదు అని ఎక్కిన ప్రతివాళ్లకీ నేను క్లాసు పీకాలి. "బ్లూటూత్ ఉందన్నావుగా?" అంటారు. ఉంది బాబూ, సగం ఉంది.

ఆ సగమైనా సరిగ్గా ఉందా అంటే, గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి శాంపిల్స్ తీసే పాత పద్ధతి మీది, 4 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దమంతా గాల్లో కలిసినట్టే. స ఏదో ఫ ఏదో ఎక్కువగా తెలిసేది ఆ పై శబ్దాల వల్లే, అందుకే నేను ఏం చెప్పినా అవతలి నుంచి "ఏంటీ? ఏంటీ?" తప్ప మరో మాట రాదు. సీలింగులో ఉన్న మీ మైకు నా గొంతు కంటే ఏసీ హోరునే శ్రద్ధగా వింటుంది. పైగా స్పీకర్లలోంచి వచ్చిన అవతలి మనిషి గొంతునే మళ్లీ పట్టుకుని ఆయనకే తిప్పి పంపిస్తారు, పాపం ఆయన తనతో తనే గొడవ పడుతుంటాడు. 2011లోనే శాంపిల్స్ రెట్టింపు చేసే పద్ధతి వచ్చింది, ఆ కబురు మీదాకా రాలేదు.

ఫోన్‌బుక్ సంగతి వద్దులెండి. తెలుగులో సేవ్ చేసుకున్న పేర్లన్నీ మీ తెర మీద ఖాళీ డబ్బాలే. ఏ డబ్బా అమ్మో, ఏ డబ్బా మేనేజరో నొక్కితే గానీ తెలియదు.

ఇంత మొండికేసే తమరు ఒక్క సందర్భంలో మాత్రం క్షణం ఆలస్యం చెయ్యరు. నేను ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఎవరి గురించో మనసు విప్పి మాట్లాడుతుంటాను, బయట ఇంకెవరో కారు స్టార్ట్ చేస్తారు, కాల్ ఠక్కున అక్కడికి దూకేస్తుంది. గోడ అడ్డమున్నా, పదడుగులు దూరమున్నా మీకప్పుడు సిగ్నల్ బ్రహ్మాండంగా అందుతుంది. ఆ "ఎవరో" అప్పటికే సీట్లో కూర్చుని ఉంటారన్నది వేరే చెప్పాలా?

చేతులు స్టీరింగ్ మీదే ఉండాలనే కదా మిమ్మల్ని పెట్టింది! గంటకి 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు మీ మెనూ వైపు చూస్తే బండి 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టు. మీతో పడేకంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో పడేసుకోవడమే నయం అనిపిస్తుంది, చాలాసార్లు అదే చేస్తున్నా కూడా.

పోతే, కొత్త సిస్టమ్ బిగించుకుందామని అనుకుంటున్నాం. మిమ్మల్ని ఎవరికైనా ఇచ్చే ముందు మీలో ఉన్న మా ఫోన్లూ నంబర్లూ చెరిపేయాలి, మాకంటే ముందు ఈ కారు నడిపినవాళ్లవి కూడా అక్కడే పదిలంగా ఉన్నాయి. ఆ డిలీట్ ఆప్షన్ ఏ మెనూలో దాచారో దయచేసి సెలవివ్వగలరు.

ఇట్లు,
మీ లిస్టులో "ఫోన్ 4"