‘రో’ ప్రొటీన్ మెసేజ్‌ను నమ్మి బయాప్సీ వాయిదా వేయకండి

గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “కేన్సర్ కణాల్లో రో అనే విష ప్రొటీన్ ఉంటుంది. కణాన్ని ఒళ్లంతా పాకించేది అదే. దాన్ని ఆపేస్తే కేన్సర్ ఉన్నచోటే ఎండిపోతుంది. ఈ సంగతి మందుల కంపెనీలు దాచిపెట్టాయి. దుగ్గిరాల పసుపు కషాయం ఒక మండలం తాగితే రో చచ్చిపోతుంది. బయాప్సీ మాత్రం చేయించుకోవద్దు, సూది తగిలితే రో మేల్కొంటుంది.”

పంపేవాళ్లు నలుగురికీ మేలు జరగాలనే పంపుతున్నారు. కానీ నేను డిగ్రీ పిల్లలకు కణజీవశాస్త్రం చెప్పే మనిషిని. ఇది చదివి ఊరుకోలేకపోయాను.

విష ప్రొటీన్ అన్న మాట దగ్గరే తప్పు మొదలైంది. రో కుటుంబం ప్రొటీన్లు మనిషిలో 20 ఉన్నాయి. అవి మీలో, నాలో, నిన్న పుట్టిన బిడ్డలో కూడా ఉంటాయి. వాటిలో రో-ఏ, ర్యాక్-1, సీడీసీ-42 అనే మూడింటి గురించి బాగా తెలుసు. మూడోదాన్ని మొదట కనిపెట్టింది బేకరీల్లో వాడే ఈస్ట్‌లో. మొగ్గ ఏ వైపు వేయాలో ఈస్ట్ కణానికి నిర్ణయించేది అదే. ఈ ప్రొటీన్లన్నీ స్విచ్‌ల్లాంటివి. జీటీపీ అనే అణువు అతుక్కుంటే ఆన్, అది జీడీపీ అనే ఇంకో అణువుగా మారితే ఆఫ్. ఆన్ చేసేవి, ఆఫ్ చేసేవి వేరే ప్రొటీన్లు. ఆ రెండు రకాలూ డజన్ల కొద్దీ ఉన్నాయి.

“రోని ఆపేస్తే కణం కదలదు” అన్నదాంట్లో సగం నిజం ఉంది. జనం నమ్మేది ఆ సగాన్ని చూసే. లండన్‌లో ఆలన్ హాల్, ఆన్ రిడ్లీ 1992లో చేసిన ప్రయోగం చూడండి. ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాలను (చర్మం లాంటి చోట్ల అతికే కణజాలాన్ని తయారుచేసేవి) ఆకలితో ఉంచి, వాటిలోకి సన్నటి సూదితో రో ఎక్కించారు. కణం లోపల దానికి ఆకారమిచ్చే యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులు లావుపాటి కట్టలుగా కట్టుకున్నాయి, వాటి కొసల దగ్గర కణం నేలను గట్టిగా పట్టుకుంది. ర్యాక్ ఎక్కిస్తే అంచులు పల్చగా విప్పారి మడతలు పడ్డాయి. సీడీసీ-42 ఎక్కిస్తే వేళ్లలాంటి సన్నటి మొలకలు వచ్చాయని 1995లో తేలింది. కణం ఆకారం, పట్టు, నడక అన్నీ ఈ మూడింటి చేతుల్లోనే ఉన్నాయని అలా తెలిసింది.

పాకే కణాన్ని మైక్రోస్కోప్ కింద కాసేపు చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. ముందు అంచులో ర్యాక్ ఆన్ అవుతుంది. యాక్టిన్ పోగులు కొమ్మలు వేస్తూ పెరిగి పొరను ముందుకు తోస్తాయి. కొత్తగా తాకిన చోట చిన్న చిన్న పట్లు పడతాయి. వెనక రో ఆన్ అయి, రాక్ అనే ఎంజైమ్ ద్వారా (ఇది ర్యాక్ కాదు, వేరేది) యాక్టిన్ పోగులను లాగే మయోసిన్ ప్రొటీన్‌ను బిగిస్తుంది. తోక నేలను వదిలి ముందుకు లాక్కుంటుంది. ముందు ర్యాక్, వెనక రో అని గీత గీసినట్టు కూడా చెప్పలేం. బతికున్న కణాలను పరిశీలించి 2009లో ప్రచురించిన పరిశోధనలో, అంచు ముందుకు జరిగే క్షణంలోనే అక్కడ రో వెలిగింది, అంటే ఆన్ అయింది. ర్యాక్ దాని వెనక సుమారు 40 సెకన్ల ఆలస్యంతో వెలిగింది. తాడిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి తలుచుకోండి. మోకు బిగించి కాళ్లు పైకి లాక్కుంటాడు, కాళ్లు బిగించి మోకు పైకి జరుపుతాడు. పట్టు లేకపోతే పడిపోతాడు. పట్టు వదలకపోతే ఉన్నచోటే ఉండిపోతాడు. కణానికీ అంతే, సరైన చోట, సరైన క్షణంలో ఆన్, ఆఫ్ రెండూ జరగాలి.

మరి ఒళ్లంతటా ఆపేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు ప్రకృతే ఇచ్చింది. క్లాస్ట్రిడియం డిఫిసిలే అనే బాక్టీరియా విషాలు పేగు కణాల్లో రో, ర్యాక్, సీడీసీ-42 మూడింటినీ పనిచేయకుండా చేస్తాయి. కణాలు ముడుచుకుని గుండ్రంగా అయిపోతాయి, వాటి మధ్య అతుకులు ఊడిపోతాయి, తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. 2000లో ప్రచురించిన ఒక పసివాడి కేసు ఉంది. ర్యాక్-2 జన్యువులో ఒకే ఒక మార్పు. రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉన్నాయి, కానీ ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి నడిచి వెళ్లలేకపోయాయి. పుండ్లు మానలేదు. చివరికి ఎముక మజ్జ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఇంకో మాట, కేన్సర్లన్నిటిలో రో ఎక్కువే ఉండదు. ఒక రకం టీ-కణ లింఫోమాలో (తెల్ల రక్తకణాల కేన్సర్) చాలామందికి రో-ఏ జీటీపీని పట్టుకోలేనంతగా చెడిపోయి ఉంటుంది. కొందరి మెలనోమాలో (ఒక చర్మ కేన్సర్) మాత్రం ర్యాక్-1 అతిగా ఆన్‌లో ఉంటుంది. ఆపితే చాలు అనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

కంపెనీలు దాచాయన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. రో కింద పనిచేసే రాక్ ఎంజైమ్‌ను ఆపే ఫాసుడిల్‌ను జపాన్‌లో 1995 నుంచి, మెదడు చుట్టూ రక్తస్రావం జరిగాక నాళాలు బిగుసుకుపోకుండా వాడుతున్నారు. అదే తరహా నెటార్సుడిల్ కంటి చుక్కలకు గ్లకోమా కోసం అమెరికా 2017లో అనుమతి ఇచ్చింది. అంటే అమ్ముకునే మందులే ఉన్నాయి. రోనే నేరుగా ఆపే కేన్సర్ మందు రాకపోవడానికి కారణం వేరు. రో జీటీపీని చాలా గట్టిగా పట్టుకుంటుంది, కణంలో జీటీపీ పుష్కలంగా ఉంటుంది, కాబట్టి దాన్ని తోసేసి ఆ చోట మందు కూర్చోవడం కష్టం. రో ప్రొటీన్ మిగతా భాగం మీద మందు అతుక్కోవడానికి లోతైన గుంట దొరకదు.

పసుపు మీద నాకు గౌరవమే. కానీ గాజు పాత్రలో కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం పోసి చూసిన ఫలితాన్ని కషాయానికి అంటగట్టకూడదు. తాగిన కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది అతి స్వల్పం, చేరినదాన్ని కూడా కాలేయం త్వరగా మార్చేస్తుంది. కూరలో పసుపుతో ఏ భయమూ లేదు. పెద్ద మోతాదు పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం నమోదయ్యాయి. కీమో నడుస్తున్నవాళ్లు అలాంటివి వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

నాకు నిజంగా కోపం తెప్పించింది బయాప్సీ మాట. మా వీధిలో ఒకావిడ రొమ్ములో గడ్డకు రాసిన బయాప్సీని ఈ మెసేజ్ చూసి ఆపేసుకుంది. “మేల్కొంటుందట కదండీ” అని టెన్షన్ పడుతూ నన్నడిగింది. గాయమైన చోట రో, ర్యాక్ పనిచేసే మాట నిజమే. చర్మ కణాలు పాకి గాయం పూడ్చాలంటే అవి కావాలి. సూది దారిలో కేన్సర్ కణాలు పడటం కూడా అరుదుగా జరుగుతుంది. అందుకే ఏ గడ్డకు ఏ దారిలో సూది వేయాలో, కొన్నిటికి అసలు వేయకుండా ఆపరేషన్ చేయాలో డాక్టర్లు ముందే ఆలోచిస్తారు. కానీ కేన్సర్ పాకడానికి సూది కోసం ఎదురుచూడదు. ఆ చిన్న ముక్క పరీక్ష చేస్తేనే అది కేన్సరో కాదో, అయితే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉందో లేదో, కణాలను పెరగమనే హెర్-2 ప్రొటీన్ ఎక్కువగా ఉందో లేదో తెలుస్తుంది. హార్మోన్ మాత్ర ఇవ్వాలా, హెర్-2 మందు ఇవ్వాలా అన్నది ఆ రిపోర్టును బట్టే తేలుతుంది. ఆవిడకు ఇదంతా చెప్పి, సూర్యారావుపేటలో తనను చూసే డాక్టరు దగ్గరకు ఆ మెసేజ్ ఉన్న ఫోను కూడా తీసుకెళ్లి, భయాలన్నీ ఒక్కొక్కటిగా అడగమన్నాను.