ఛీ అంటే 11 పాయింట్లు

అర్థం తెలియకుండా ఇంగ్లీషు బట్టీ పట్టినందుకు మా తరాన్ని ఇన్నేళ్లు ఎగతాళి చేసినవాళ్లంతా వెంటనే కడపకు వచ్చి, ఏడురోడ్ల కూడలిలో నిలబడి క్షమాపణ చెప్పాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నాను. కారణం మా మేనల్లుడు. సెలవులకు బెంగళూరు నుంచి వస్తూ స్క్రాబుల్ డబ్బా తెచ్చాడు. వాడి చేతిలో వరసగా మూడు ఆటలు ఓడాక నాకు జ్ఞానోదయమైంది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు: మొత్తం 100 బిళ్లలు, ఒక్కొక్కరి దగ్గర 7, వాటితో పలక మీద ఇంగ్లీషు పదాలు పేర్చాలి. క్యూ అక్షరానికి 10 పాయింట్లు గానీ, అది చేతికొస్తే యూ కోసం గోతికాడ నక్కలా కాచుకోవాలని నా నమ్మకం. "యూ ఎందుకు మామా, టెన్షన్ పడొద్దు" అని వాడు క్యూ పక్కన ఐ పెట్టి 11 రాసుకున్నాడు. చైనావాళ్ల ప్రాణశక్తి అంట అది, పలకడం మాత్రం 'చీ' అంట. మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు నాకు ఎన్ని ఛీలు పడుతుంటాయో, ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క పాయింటైనా ఇచ్చిన పాపాన పోలేదు!

ఇక జెడ్, ఏ కలిపితే పిజ్జాకు ముద్దుపేరు, దానికీ 11. రెండు 'ఏ' అక్షరాలు పక్కపక్కన పెడితే హవాయి దీవుల్లో గరుకు లావా, నేను ఫోన్లో అరగంట సేపు "ఆ... ఆ..." అన్నదంతా లావానేనన్నమాట. సీ, డబ్ల్యూ, ఎం అంటే వేల్స్ దేశపు లోయ. "అచ్చు లేకుండా పదమేందిరా?" అంటే నవ్వుతాడు.

ఒక్క పదం దగ్గర మాత్రం నేను మెత్తబడ్డా. ఖనాత్. అందులోనూ క్యూ వెనక యూ లేదు. కొండ అడుగు నీళ్లను నేల కింద సొరంగం తవ్వి, వాలు చూసుకుని ఊరిదాకా పారించే పద్ధతి, ఇరాన్‌లో పాతకాలం నుంచీ ఉంది. బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన మా సీమవాడు వింటే ఆటాపి మరీ ఆలోచించాల్సిన మాట. నేను ఆపాను. వాడు ఆపలేదు. "అర్థంతో మనకేం పని మామా, క్యూ వదిలింది కదా" అని 14 వేసుకున్నాడు.

అక్కడే నాకు వెలిగింది. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే, ఆ భాష పదాలు సుమారు 9 వారాలు బట్టీ పట్టి 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ప్రపంచం ఆయన్ని మేధావి అంది. నేను తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు వ్యాసం పొల్లు పోకుండా అప్పజెప్పి, అర్థం అడిగితే బిక్కమొహం వేసినప్పుడు మా సారు బెత్తం తీశాడు. విద్య ఒకటే, ఊరు తేడా.

బ్రౌన్ దొరను చూడండి పాపం, 1820లో ఇదే కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1852లో నిఘంటువు అచ్చువేశాడు, అదీ అర్థాలతో సహా! పదాలు వరసగా రాసి వదిలేసి ఉంటే ఎప్పుడో అయిపోయేది కదా.

ఇంగ్లీషులో తెలుగు వాటా లేదనుకోవద్దు. మన పందికొక్కే వాళ్ల బ్యాండికూట్, 9 అక్షరాలు, 14 పాయింట్లు. అంత పెద్ద భాష మన దగ్గర ఏరి ఏరి తీసుకున్నది దాన్ని. ఇడ్లీ, దోసె కూడా చెల్లుతాయి, చెరో 5. ఆ ధైర్యంతోనే నాలుగో ఆటలో నేను 'ఉగ్గాని' పేర్చాను. ఆరు అక్షరాలు, 8 పాయింట్లు. వాడు ఫోన్లో వెతికి "ఇట్లాంటి పదమే లేదు మామా" అని బిళ్లలు వెనక్కి తీయించాడు.

లోపల్నుంచి మా అక్క రెండు ప్లేట్లలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. లేని పదాన్ని వాడు రెండోసారి కూడా వేయించుకున్నాడు.